కాడికి రెండో వైపు

మా అమ్మాయి క్రిస్టినాని ఎద్దు పక్కన కాడికి కడుతున్నారన్న కబురు ఆగస్టు చివర్లో వచ్చింది. నేను గోంగూర గిల్లుకుంటూ ఫోన్ స్పీకర్‌లో పెట్టి విన్నాను. అది సంతోషించాల్సిన కబురు. సంతోషించాం కూడా.

"మమ్మీ, డాడీ ఉన్నారా? ఇద్దరూ వినండి. నన్ను పార్ట్‌నర్‌గా సెలెక్ట్ చేశారు!"

"ఏ ప్రాజెక్ట్‌కి?" అన్నారు మావారు ఆనందబాబు. ఇక్కడ ట్రాయ్ అనే ఊళ్లో కార్ల బ్రేకులు డిజైన్ చేస్తూ జుట్టు నెరిసిన మనిషి. ఆయనకి లోకంలో ప్రతిదీ ప్రాజెక్టే.

"ప్రాజెక్ట్ కాదు డాడీ! సాలమన్‌కి!"

సాలమన్ అంటే థార్న్‌బరీ యూనివర్సిటీ ఎద్దు. వాళ్ల ఆటల జట్టుకి గుర్తు, మస్కట్. కొన్ని కాలేజీల్లో బొమ్మ తల తగిలించుకుని కుర్రాళ్లు గంతులేస్తారు. వీళ్లది అలా కాదు, ప్రాణమున్న ఎద్దు. కాలేజీ కట్టిన మొదటి చలికాలంలో కొండమీదికి గంట తీసుకెళ్తున్న జత ఎడ్లలో ఒకటి మంచులో పడి చచ్చిపోయిందట. రెండోదాని పేరు సాలమన్. ఒక విద్యార్థి వచ్చి కాడికి ఖాళీ అయిన వైపు తన భుజం పెట్టాడట. ఇద్దరూ కలిసి తెల్లారేసరికి గంటని పైకి చేర్చారట. అప్పటినుంచి అక్కడ ఉండే ప్రతి ఎద్దు పేరూ సాలమనే. ఫుట్‌బాల్ సీజన్‌లో ఊళ్లో ఆట జరిగిన ప్రతిసారీ, ఆ పాత కాడికే ఒకవైపు ఎద్దునీ, రెండో వైపు ఎంపికైన విద్యార్థినీ నిలబెట్టి, చక్రాల బల్లమీద పెట్టిన గంటని స్టేడియం చుట్టూ లాగిస్తారు. గంట మోగగానే జనమంతా లేచి, ఎవరి కుడిచెయ్యి వాళ్ల ఎడమ భుజంమీద వేసుకుని గట్టిగా అరుస్తారు. ఆ విద్యార్థే పార్ట్‌నర్.

"ఫస్ట్ ఇండియన్ మమ్మీ! ఫస్ట్ గర్ల్ కూడా!"

మరుసటి ఆదివారం మా తెలుగు చర్చిలో సాక్ష్యాల సమయంలో మావారు మైకు పట్టుకుని ఈ సంగతి చెప్పి దేవునికి స్తోత్రం చెల్లించారు. భోజనాల దగ్గర సంఘపెద్ద షాలేం రాజు గారు ప్లేటుతో మా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఆనందబాబూ, అయితే మన పిల్ల ఎద్దు తోలు తొడుక్కుని ఎగురుతుందంటావా?"

"లేదన్నా, నిజం ఎద్దే. దాని పక్కన నడుస్తుంది."

"పేరు సాలమనా? మా తమ్ముడి పేరయ్యా అది!"

"మీ తమ్ముడికి చెప్పకండి అన్నా."

"చెప్పినా ఏమీ అనుకోడులే," అంది ఆయన భార్య లీలావతి వదిన. "ఇంట్లో పిలిచే పిలుపుకంటే అదే గౌరవంగా ఉంది."

అందరం నవ్వాం. అక్టోబర్‌లో పాత విద్యార్థులంతా వచ్చే హోమ్‌కమింగ్ ఆటకి సంఘం తరఫున అందరికీ కలిపి టికెట్లు బుక్ చేస్తానని షాలేం రాజు గారు అక్కడే మాట ఇచ్చేశారు.

సెప్టెంబర్లో మొదటి ఆటకి మేమిద్దరం వెళ్లాం. స్టేడియం లోపలికి వెళ్లే నడవలో పాత పార్ట్‌నర్ల ఫొటోలు వరసగా ఉన్నాయి. నేను ప్రతి ఫొటో దగ్గరా ఆగాను. అందరూ మగపిల్లలే. అది కాదు నేను చూసింది. అందరి భుజాలూ ఎద్దు మెడకి సమంగా ఉన్నాయి. మా క్రిస్టినా నా పోలిక. నేను వంటింట్లో పై అర అందుకోవాలంటే స్టూలెక్కుతాను.

వాళ్లు మైదానంలోకి వచ్చేసరికి నేను భయపడినట్టే ఉంది. క్రిస్టినా రెండు చేతులూ పైకెత్తి, అరచేతులతో కాడిని ఎద్దు ఎత్తుకి నిలబెట్టింది. గోలుపోస్టు దాటేదాకా నిలిచింది. తర్వాత మోచేతులు వణికాయి. కాడి ఆ పిల్ల భుజంమీదికి దిగింది. కాడి ఒకవైపు వాలితే రెండో వైపున్న పశువు మెడకి బరువు పరుచుకుని తగలదు, అంచు తగులుతుంది. అడుగడుక్కీ అక్కడే రాస్తుంది. మా నాన్న పర్చూరు దగ్గర పొగాకు వేసేవాడు. ఎత్తు తేడా ఉన్న ఎడ్లని ఆయన ఎన్నడూ ఒక కాడికి కట్టలేదు. నేను గుంటూరులో బీఎస్సీ చదివాను గాని, ఇది తెలియడానికి సేద్యం, చదువు రెండూ అక్కర్లేదు. కళ్లుంటే చాలు.

ఆట అయ్యాక ఎద్దు కొట్టం దగ్గర మిసెస్ హాల్వర్సన్ కనిపించింది. పూర్వ విద్యార్థుల సంఘంలో సంప్రదాయాల కమిటీకి అధ్యక్షురాలు. నన్ను గట్టిగా కౌగిలించుకుంది.

"మీ అమ్మాయి అద్భుతం! మీరు ఎంత గర్వపడుతుండాలి!"

"కాడి వాలిపోతోంది," అన్నాను. "ఎద్దు మెడ ఒరుసుకుపోతుంది. అమ్మాయి వైపు కింద ఏదైనా ఎత్తు పెట్టించండి."

ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు.

"అవును, మా వెటర్నరీ డాక్టర్ కూడా అదే అన్నాడు. ఈ ఏడాది కాస్త చూసుకోవాలని," అంది తలూపుతూ. "కానీ అది మొదటి సాలమన్ కాడి. దానికి మేం ఒక మేకు కూడా కొట్టం. మీలాంటి సంస్కృతి నుంచి వచ్చినవాళ్లకి సంప్రదాయం విలువ నేను చెప్పాలా?"

నా పక్కన క్రిస్టినా ఉంది. పళ్ల బిగువున నవ్వుతూ నా మోచెయ్యి గిల్లింది.

పొడుగు మనిషిని కాదని మా పిల్లని ఎందుకు తీసుకున్నారో తిరిగి వచ్చేటప్పుడు తెలిసింది. హైవే పక్కన ఇంతెత్తు హోర్డింగ్. కాడి కింద నవ్వుతున్న క్రిస్టినా మొహం, పక్కన ఎద్దు కన్ను ఒకటి. 'ప్రతి భుజానికీ ఇక్కడ చోటుంది' అని ఇంగ్లీషులో రాశారు. మావారు కారు పక్కకి ఆపి, దిగి, ఫొటోలు తీశారు.

"కుమారీ, ఒకసారి దిగవా. దాని ముందు నిలబడు."

"నేను దిగను."

"ఎందుకు?"

"ఫొటోకి చోటిచ్చారు. భుజానికి ఇవ్వలేదు. అందుకు."

ఆయనకి అర్థం కాలేదు. ఆయన ఆనందం ఆయనది.

ఇంటికొచ్చి పాత నేత చీర ఒకటి చింపాను. మా అమ్మ బిందె కిందికి చుట్టినట్టు, దానికి రెండింతల మందంగా చుట్టకుదురు చుట్టాను. విడిపోకుండా దబ్బనంతో కుట్టాను, కిందికి జారకుండా చంక కిందనుంచి పట్టీ పెట్టాను. అది భుజాన పెట్టుకుంటే కాడి సమంగా కాకపోయినా, సగానికి సగం నయం. రెండో ఆట ముందు కొట్టంలో నేనే కట్టాను. క్రిస్టినా కాడి కింద నిలబడి చూసింది.

"మమ్మీ, ఇట్స్ సో మచ్ బెటర్! సాల్ కూడా తల తిప్పట్లేదు చూడు."

మేం పైకెళ్లి సీట్లలో కూర్చున్నాం. వాళ్లు బయటికి వచ్చారు. పిల్ల భుజంమీద చుట్టకుదురు లేదు. మళ్లీ అరచేతులు, మళ్లీ వణుకు, మళ్లీ వాలిన కాడి.

ఆట మధ్యలో క్రిస్టినా మెసేజ్ పెట్టింది. ద్వారం దగ్గర ఫొటోగ్రాఫర్ అభ్యంతరం చెప్పాడట. మొదటి పార్ట్‌నర్ భుజంమీద గుడ్డ లేదు కాబట్టి ఇప్పుడూ ఉండకూడదని మిసెస్ హాల్వర్సన్ తన చేతులతో పట్టీ విప్పిందట. 'ప్లీజ్ డోంట్ సే ఎనీథింగ్ మమ్మీ' అని చివర్లో ఉంది.

గంట మోగింది. వేలమంది లేచి ఎవరి భుజంమీద వాళ్లు చెయ్యి వేసుకుని అరిచారు. ఆ భుజాల్లో ఒక్కదానిమీద కూడా ఏమీ లేదు. నేను లేవలేదు.

అక్టోబర్ సెలవులకి క్రిస్టినా ఇంటికొచ్చింది. బట్టలు మిషన్లో వేస్తుంటే స్వెట్‌షర్ట్ ముంజేతుల దగ్గర గోధుమరంగు మరకలు కనిపించాయి. బురద కాదు, పేడ కాదు. గోకితే పొడిగా రాలింది. అచ్చం ఎద్దు రంగు.

క్రిస్టినా భోజనాల బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటోంది. స్వెట్‌షర్ట్ తెచ్చి ముందు పెట్టాను.

"ఇదేంటి?"

"టచ్-అప్ పెయింట్. క్యాటిల్ షోల్లో అందరూ వాడతారు. సేఫ్ మమ్మీ."

"దేనికి?"

స్వెట్‌షర్ట్‌ని పక్కకి తోసింది.

"పుండు మీద వేశావా?"

"పుండు మీద కాదు! చుట్టూ. టీవీలో కనపడకుండా."

"ఎవరు వేయమన్నారు?"

"ఎవరూ వేయమనలేదు. బాటిల్ కొట్టంలో టేబుల్ మీద పెట్టి వెళ్లారు. అంతే."

వేయమని ఒకరు నోటితో చెప్పి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు.

"నువ్వు తప్పుకో," అన్నాను. "రేపు ఫోన్ చేసి చెప్పు. పొడుగాటి కుర్రాడిని పెట్టుకోమను."

"ఎగ్జాక్ట్లీ!" క్రిస్టినా ఫోన్ బల్లమీద పడేసింది. "మళ్లీ సిక్స్-ఫుట్ వైట్ గై! 'చూశారా, మేం ట్రై చేశాం, వర్క్ కాలేదు' అంటారు. ఇంకో ఫిఫ్టీ ఇయర్స్ ఎవరినీ తీసుకోరు. నాలాగా ఉన్న ఏ అమ్మాయినీ. నీకు అర్థం అవదు మమ్మీ. నీకు ఇక్కడ ఏదీ ఫస్ట్ అవ్వాల్సిన పని లేదు."

"నువ్వు ఫస్ట్ కావడానికి దాని మెడ కావాలా?"

"సీజన్ అయిపోతే హీల్ అవుతుంది!"

"అయితే ఇంకొన్నాళ్లు రంగు వెయ్యి. కానీ పుండుకి రంగు పూసిన చేత్తో నా బల్ల దగ్గర అన్నం తినకు."

పిల్ల లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను పిలవలేదు. అన్నందుకు బాధపడలేదు, ఇప్పటికీ పడను.

మావారు హాల్లోంచి వచ్చారు. అంతా విన్నారు.

"ఎందుకే పిల్లని అట్లా అంటావు? వచ్చే ఏడు మెడికల్ స్కూల్‌కి అప్లై చేయాలి. వాళ్లెవరో రికమండేషన్ ఇస్తామన్నారట. ఎద్దు కోసం గొడవేంటి? ఆదివారం పెద్దకూర వండుకోని వాళ్లమా మనం?"

"వండుకుంటాం. కోసుకుని తినడం వేరండీ. పుండు పడ్డ మెడమీద కాడి వేసి చప్పట్లు కొట్టడం వేరు. మీరు బ్రేకులు చేస్తారుగా. పనిచేయని బ్రేకుకి రంగేసి పంపిస్తారా?"

ఆయన ఫ్రిజ్ తెరిచి, ఏమీ తీసుకోకుండా మూశారు.

మర్నాడు నేను లేచేసరికి క్రిస్టినా బస్సుకి వెళ్లిపోయింది. హోమ్‌కమింగ్ దాకా మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. వాళ్ల నాన్నకి మాత్రం ఫోన్ చేసేది. నేను పొయ్యి దగ్గర నిలబడి, గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టుకుంటూ వినేదాన్ని.

హోమ్‌కమింగ్ నాడు చలి ఎముకల్లోకి దిగింది. సంఘం వాళ్లం ఒకే వరసలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. షాలేం రాజు గారు ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసి ఇస్తున్నారు. లీలావతి వదిన ఆట గురించి ఏమీ తెలియకుండానే రెండు పక్షాలకీ చప్పట్లు కొడుతోంది.

"అదిగో అదిగో, మన పిల్ల!" అన్నారు మావారు.

క్రిస్టినా, సాలమన్ మైదానంలోకి వచ్చారు. ముందు ఒకతను తాడు పట్టుకుని నడుస్తున్నాడు. పెద్ద స్క్రీన్‌మీద మొదట పిల్ల మొహం చూపించారు. నవ్వు లేదు. తర్వాత కెమెరా ఎద్దు మెడమీదికి వెళ్లింది.

రంగు లేదు. శుభ్రంగా కడిగేసింది. కాడి అంచు కింద నా అరచెయ్యంత పుండు, ఎర్రగా, తడిగా ఉంది. స్క్రీన్‌మీద అది ఒక కారంత ఉంది.

మా ముందు వరసలో ఒకావిడ "ఓ, అదేంటి?" అంది. స్టేడియంలో సందడి కాస్త తగ్గినట్టే అనిపించింది. క్రిస్టినా తలెత్తి సీట్లవైపు చూసింది. జనం చూస్తే ఆపేస్తారని ఆ పిల్ల నమ్మింది. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను.

గంట మోగింది.

అందరూ లేచారు. చేతులు భుజాలమీదికి వెళ్లాయి. ఎప్పుడూ అరిచేదానికంటే గట్టిగా అరిచారు. "అదేంటి?" అన్న ఆ ముందు వరసావిడ కూడా అరిచింది. స్క్రీన్‌మీద పుండు అలాగే ఉంది. దానికింద 'సాల్! సాల్!' అన్న అక్షరాలు ఎగురుతున్నాయి.

క్రిస్టినా ఇంకా కొన్ని అడుగులు వేసింది. తర్వాత ఎద్దుతో ఏదో అంది. అది ఆగింది. తాడు పట్టుకున్నతను వెనక్కి తిరిగి చూశాడు. పిల్ల తన వైపు కొసని మెల్లగా నేలకి ఆనించి, అవతలికి నడిచి, ఎద్దు మెడకింద ఉన్న వంపు కర్రకి పెట్టిన మేకు లాగింది. కర్ర కిందికి జారింది. రెండు చేతులతో కాడిని మెడమీదినుంచి ఎత్తింది. మోయలేకపోయింది. కాడి నేలమీద పడింది. బ్యాండు మోతలో ఆ చప్పుడు మాదాకా రాలేదు.

సాలమన్ మెడ విదిలించింది. తల వంచి గడ్డి వాసన చూసింది. అది ప్లాస్టిక్ గడ్డి. వదిలేసింది.

"ఏమైందమ్మా కుమారీ, తాడు తెగిందా?" అంది లీలావతి వదిన.

"తెగలేదు వదినా. విప్పేసింది."

ముందు ఎక్కడో ఒక మూల మొదలై, స్టేడియం అంతా ఛీకొడుతూ 'బూ' అని అరవడం సాగింది. ఇప్పటిదాకా భుజంమీదున్న చేతులే నోటిచుట్టూ చేరాయి. మా ముందు ఒకతను లేచి, మా పిల్లని నోటికొచ్చిన మాట అన్నాడు. నేను లేవబోయాను. అంతకుముందే నా పక్కన మావారు లేచి నిలబడ్డారు. ఈ దేశం వచ్చాక పోలీసుతో గాని, పక్కింటివాళ్లతో గాని, తన కింద పనిచేసేవాళ్లతో గాని గొంతు పెంచని మనిషి.

"సిట్ డౌన్," అన్నారు.

అతను తిరిగి చూశాడు.

"దట్ ఈజ్ మై డాటర్. సిట్ డౌన్."

షాలేం రాజు గారు టీ కప్పు కిందపెట్టి ఆయన పక్కన లేచారు. ఎందుకో తెలియకపోయినా లీలావతి వదినా లేచింది. మా వరసంతా లేచింది. అతను కూర్చున్నాడు.

మేం కొట్టానికి వెళ్లేసరికి మిసెస్ హాల్వర్సన్ అక్కడ ఉంది. కాడికి ఒక మూల చెక్క లేచింది. ఇద్దరు మనుషులు దాన్ని దుప్పట్లో చుట్టి మోసుకెళ్తున్నారు, బాగుచేసే నిపుణుడికి అప్పుడే ఫోన్ వెళ్లింది. ఎద్దు దగ్గర క్రిస్టినా తప్ప ఎవరూ లేరు. మెడకి మందు రాస్తోంది.

"తను సీజన్ పూర్తి చేయలేదని మీకు అర్థమవుతుందనుకుంటాను," అంది మిసెస్ హాల్వర్సన్ నాతో, మెత్తగా.

"నాకు సెప్టెంబర్లోనే అర్థమైంది," అన్నాను. "మీకూ అర్థమైంది. మీ డాక్టర్‌కీ అర్థమైంది. రంగు బాటిల్ బల్లమీద పెట్టినవాళ్లకి అందరికంటే బాగా అర్థమైంది."

ఆవిడ నవ్వు అలాగే ఉంది. అది ఆవిడ మొహానికి కుట్టేసి ఉందనుకుంటాను.

క్రిస్టినా నావైపు చూడలేదు. నేను వెళ్లి మందు డబ్బా పట్టుకున్నాను. పిల్ల అందులోంచి తీసుకుని రాసింది.

నవంబర్‌లో చివరి ఆటకి పొడుగాటి కుర్రాడొకడు వచ్చాడు. హైవే మీద హోర్డింగ్ మార్చారు. రికమండేషన్ ఇస్తామన్నవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. సంగతి అంతటితో ముగిసిందనుకున్నాను.

డిసెంబర్‌లో క్రిస్టినా ఇంటికొచ్చింది. ఒక మధ్యాహ్నం ముగ్గురం అన్నాలు తింటుంటే మిసెస్ హాల్వర్సన్ ఫోన్ చేసింది. క్రిస్టినా స్పీకర్‌లో పెట్టింది. నడవలో పార్ట్‌నర్ల ఫొటోల వరసలో క్రిస్టినా ఫొటో కూడా పెడుతున్నారట. కింద రాసే రెండు వాక్యాలు ఒకసారి విని సరే అంటే చాలట. చదివి వినిపించింది.

"'అలసిపోయిన తన నేస్తానికి ఆ శరదృతువులో విశ్రాంతినిచ్చిన పార్ట్‌నర్. ఆ దృశ్యానికి కదిలిపోయిన స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది.' ఎలా ఉంది హనీ?"

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మంచులో చచ్చిపోయిన ఆ మొదటి ఎద్దు గురించీ ఎవరో ఇలాగే కూర్చుని రెండు వాక్యాలు రాసి ఉంటారు.

"వాళ్లు బూ అన్నారు," అంది క్రిస్టినా. "మెడమీద పుండు ఉంది. అందుకని విప్పాను. అది చూసి కూడా మీరంతా బూ అన్నారు. అది రాస్తే నా ఫొటో పెట్టండి. లేకపోతే వద్దు."

"ఓ హనీ. ఎవరికీ అలా గుర్తులేదు."

క్రిస్టినా తలెత్తి మావైపు చూసింది.

మావారు అన్నం చెయ్యి ప్లేటులో కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఫోన్ దగ్గరికి జరిపారు.

"మేడమ్, నేను ఆనందబాబుని, క్రిస్టినా తండ్రిని. మేం ఆ రోజు అక్కడే కూర్చున్నాం. మాకు గుర్తుంది. మా వరసలో అందరికీ గుర్తుంది. పేర్లు చెప్తాను, రాసుకోండి." ఇక్కడి ఆఫీసుల్లో మా పేర్లు చెప్పినప్పుడల్లా చెప్పే పద్ధతిలోనే, తొందర లేకుండా మొదలుపెట్టారు. "షాలేం రాజు. ఎస్ యాజ్ ఇన్ సామ్. హెచ్ యాజ్ ఇన్ హెన్రీ. ఏ యాజ్ ఇన్ యాపిల్..."

అవతల ఆవిడ రాసుకుందో లేదో మాకు తెలియదు. మధ్యలో ఒకసారి "సర్, ప్లీజ్" అంది. ఆయన ఆగలేదు. లీలావతి వదిన పేరు అయ్యాక నా పేరు మొదలుపెట్టారు.